వృద్ధాప్యంలో ప్రథమ శ్రేణి

కొండేపూడి పురపాలక సంఘానికి ఉన్నట్టుండి ముసలివాళ్ళ మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఆఫీసుకి ప్రేమ పుడితే ఊరికే పోతుందా, ఎవరో ఒకరి నెత్తి మీదికి రావాలి కదా. అది వచ్చి వచ్చి నూకరత్నం నెత్తిన పడింది.

నూకరత్నానికి డెబ్భై దాటాయి. మార్కెట్ వీధిలో ఓ మేడ మీద వాటాలో కొడుకూ కోడలితో ఉంటుంది. ఆవిడ అక్క మంగాయమ్మ కాలవ అవతల, రైసుమిల్లు వెనక ఒంటిగదిలో ఉంటుంది. మంగాయమ్మకి ఎనభై పైమాటే. చూపు ఆనదు, చెవి కాస్త మందం, మోకాళ్ళు వంగవు, నోటికి మాత్రం ఈ వయసు వరకూ ఏ జబ్బూ రాలేదు. మేడ మెట్లు ఎక్కలేదు గనక చెల్లెలింటికి రాలేదు. అందుకని చెల్లెలే రోజూ క్యారేజీలో ఇంత అన్నం, చారు, ఏదో ఒక పచ్చడి సర్దుకుని కాలవ మీది ఇనప వంతెన దాటి వెళ్తుంది. దగ్గర కూర్చుని తినిపించి, ఉప్పు తక్కువైందనో పులుపు ఎక్కువైందనో అక్క చేత నాలుగు చీవాట్లు తిని, తృప్తిగా తిరిగొస్తుంది.

ఊరి చివర పెద్ద వంతెన ఉంది గాని అది నడిచి వెళ్ళే దూరం కాదు. ఈ ఇనప వంతెన మీద ఇద్దరు ఎదురుపడితే ఒకరు ఒదిగి దారివ్వాలి. అంత సన్నం. అయినా రెండు పక్కలా పట్టుకోవడానికి ఇనప కమ్మీలుండేవి గనక ఇన్నాళ్ళూ ఎవరికీ ఇబ్బంది లేకపోయింది. కిందటి వినాయక చవితికి కాలవ అవతలి కుర్రాళ్ళు తెచ్చిన విగ్రహం వంతెన కంటే లావని తేలింది. దేవుణ్ణి తగ్గించడం అపచారం కాబట్టి కమ్మీలు కోసేశారు. దేవుడు దాటాడు, తొమ్మిది రోజులు పూజలందుకున్నాడు, నీళ్ళలో కలిశాడు. కమ్మీలు మాత్రం తిరిగి రాలేదు. అప్పట్నుంచి నూకరత్నం ఒక చేత్తో క్యారేజీ, ఇంకో చేత్తో గాలి పట్టుకుని దాటుతోంది.

ఆవిడ కోరిక చాలా చిన్నది. ఒక్క పక్క కమ్మీ వేస్తే చాలు. వెళ్ళేటప్పుడు కుడి చెయ్యి, వచ్చేటప్పుడు ఎడమ చెయ్యి ఆనించుకుంటుంది. ఆ మాట చెప్పుకోవడానికి మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళిన రోజునే కమిషనరు హేమచంద్ర పట్నంలో ఏదో సదస్సుకి వెళ్ళి, మెడలో కార్డుతో సహా, తిరిగొచ్చాడు.

"సరైన సమయానికి వచ్చారమ్మా," అన్నాడు కమిషనరు. "కొండేపూడిని వయోమిత్ర పట్టణంగా తీర్చిదిద్దాలని సంకల్పించాం. వృద్ధుల పట్ల సమాజానికి ఉన్న చులకన భావాన్ని సమూలంగా నిర్మూలించబోతున్నాం."

"నాయనా, నాకు వంతెనకి ఓ కమ్మీ చాలు."

"మీరు కమ్మీ అడుగుతున్నారు. నేను మీకు దృక్పథమే ఇస్తున్నాను."

"దృక్పథం పట్టుకుంటే కాలవలో పడకుండా ఉంటామా బాబూ?"

కమిషనరు చిన్నపిల్లని చూసినట్టు చూసి నవ్వాడు. "వృద్ధులకు సంబంధించిన ఏ నిర్ణయమైనా వృద్ధుల అభిప్రాయం మేరకే తీసుకోవాలన్నది మార్గదర్శక సూత్రం. తొందరపడి కమ్మీ వేసేస్తే అది పైనుంచి రుద్దినట్టవుతుంది."

"మరి నేను ముసలిదాన్నే కదా. కమ్మీ కావాలన్నదే నా అభిప్రాయం."

"మీది అనుభవం అమ్మా. అభిప్రాయం వేరు. దానికి శిక్షణ ఉండాలి."

ఆ శిక్షణ వారం తిరక్కుండానే మొదలైంది. ముసలివాళ్ళకి కాదు, ఆఫీసు సిబ్బందికి. వృద్ధుల కష్టం వృద్ధుడైతే గాని తెలియదు కాబట్టి సిబ్బంది అంతా వంతులవారీగా వృద్ధులు కావాలని ఉత్తర్వు వచ్చింది. నేర్పడానికి పట్నం నుంచి ఓ శిక్షకురాలు దిగింది. ఆ పిల్లకి ఇంకా ముప్ఫై నిండలేదు, వృద్ధాప్యంలో తనకి పదేళ్ళ అనుభవం ఉందని చెప్పింది. ఆవిడతో పాటు అట్టపెట్టెల్లో కిట్లు దిగాయి. కాళ్ళకి కట్టే ఇసక సంచులు, మోకాళ్ళు వంగకుండా బిగించే పట్టీలు, చెవులకి దూది, వాజలీను పూసిన కళ్ళద్దాలు, నడుం వంచి ఉంచే బెల్టు, ఓ చేతికర్ర. వీటన్నిటినీ కలిపి వార్ధక్యానుభూతి కిట్టు అన్నారు. స్టోర్సు గుమాస్తా గవర్రాజు ఒక్కొక్కటీ లెక్కచూసి అందరికీ పంచాడు.

మర్నాటినుంచి ఆఫీసు నిండా ముసలివాళ్ళే. ముప్ఫయ్యేళ్ళ రెవెన్యూ ఇనస్పెక్టరు గోడ పట్టుకుని మూలుగుతూ నడుస్తున్నాడు. టైపిస్టమ్మాయి కుర్చీలోంచి లేవడానికి ఇద్దర్ని పిలుస్తోంది. ఇంటిపన్ను సెక్షనులో ఎవరేం అడిగినా "ఆఁ? ఏవిటీ? వినబడటం లేదు," అంటున్నారు. వాళ్ళకి అదివరకు కూడా వినబడేది కాదు గనక జనం పెద్ద తేడా కనిపెట్టలేదు.

వీళ్ళందరిలోకీ సర్వేయరు భానుతేజది పుట్టుకతో వచ్చిన ప్రతిభ. ఇరవై ఆరేళ్ళ కుర్రాడు. నడుం వంచాడంటే వంచినట్టే, దగ్గాడంటే పక్కవాడు మంచినీళ్ళు తేవాల్సిందే. శిక్షకురాలు వాణ్ణి అందరికీ చూపించి వృద్ధాప్యం ఇలా ఉండాలని చెప్పేది. కమ్మీ సంగతి కనుక్కుందామని నూకరత్నం మళ్ళీ వెళ్ళేసరికి వరండాలో 'వయోధికులకు మాత్రమే' అని రాసిపెట్టిన బెంచీ మీద భానుతేజ కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నాడు.

"కాస్త జరుగు నాయనా, మోకాలు లాగేస్తోంది," అంది నూకరత్నం.

"కుదరదు మామ్మగారూ. నేను పొద్దున్నుంచీ ఎనభై రెండులో ఉన్నాను. మీకెంతండీ?"

"డెబ్భై మూడు."

"చిన్నవారే కదండీ. నిలబడండి, పర్లేదు."

ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. ఈ కాకి ఎద్దు పుండుని పొడవడంతో ఆగక, తనకే పుండుందని మందడుగుతోందే అనుకుంది నూకరత్నం. ఒళ్ళు మండిపోయింది. అయినా కమ్మీ కావలసింది తనకి గనక గోడకి చేరగిలబడి నిలబడింది. చాలాసేపటికి లోపల్నుంచి పిలుపొచ్చింది.

"మీ అర్జీ పరిశీలనలో ఉంది," అన్నాడు కమిషనరు. ఆయన ఆ రోజు డెబ్భై అయిదులో ఉన్నాడు. వాజలీను అద్దాల్లోంచి నూకరత్నం ఎక్కడుందో తెలియక బీరువాతో మాట్లాడుతున్నాడు. "కాకపోతే చిన్న చిక్కు. ఇకమీదట వృద్ధుల అర్జీలు ధ్రువీకరించబడిన వృద్ధుల నుంచే స్వీకరిస్తాం."

"నేనిటున్నాను బాబూ. నా వయసు ఆధార్ కార్డులో ఉందిగా."

"అది పుట్టిన తేదీ అమ్మా. పుట్టడం ఎవరైనా పుడతారు. వృద్ధాప్యం అలా కాదు. అదొక నైపుణ్యం."

నూకరత్నం ఆ ధ్రువీకరణ కోసం పెట్టిన పరీక్షకి వెళ్ళింది. వెళ్ళకపోతే కమ్మీ రాదు, కమ్మీ రాకపోతే అక్కకి అన్నం లేదు. పరీక్షించేవాళ్ళు శిక్షకురాలు, భానుతేజ. గదిలో ఈ చివరినుంచి ఆ చివరికి నడవమన్నారు. పొయ్యి మీద పప్పు పెట్టొచ్చింది గనక గబగబా నడిచింది. శిక్షకురాలు పెదవి విరిచింది. కుర్చీలోంచి లేవమన్నారు. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. లేచే ముందు సాయం కోసం దీనంగా అటూ ఇటూ చూడాలట, ఆవిడ చూడలేదు, మార్కులు పోయాయి. చేతులు చాపమన్నారు. వణకలేదు.

"ఈవిడ గట్టి పిండంలాగుందే," అన్నాడు భానుతేజ శిక్షకురాలి చెవిలో.

"మీ అమ్మమ్మ కూడా ఇలాగే ఉండేది బాబూ. ఆవిడ నాకు తెలుసు," అంది నూకరత్నం.

వినికిడిలో ఆవిడకి సున్నా వేశారు.

"చివరిగా ఒక్క ప్రశ్నండీ," అంది శిక్షకురాలు గొంతు బాగా మెత్తగా చేసుకుని. "ఒంటరితనం మిమ్మల్ని వేధిస్తుంటుంది కదా? కిటికీ దగ్గర కూర్చుని గతాన్ని తలుచుకుంటూ ఉంటారు కదా?"

"తీరికేదమ్మా? పొద్దున లేస్తే వంట, కాలవ దాటి అక్కకి తినిపించడం, వచ్చి మనవరాలి లంగాకి కుట్లు వెయ్యడం. ఆ కిటికీ పని కోడలు చూసుకుంటుంది."

ఫలితం అక్కడికక్కడే చెప్పేశారు. అభ్యర్థిని వాస్తవ వృద్ధుల తీరుకు చాలా దూరంగా ఉంది. వృద్ధాప్యంలో ఉత్తీర్ణురాలు కాలేదు. కిట్టు వేసుకుని పట్టుదలగా సాధన చేస్తే పైకి రావచ్చని భానుతేజ ధైర్యం చెప్పి పంపాడు.

ఆ మధ్యాహ్నం అక్క కంచంలో అన్నం వడ్డిస్తూ నూకరత్నం మొహం వేలాడేసుకుంది.

"ఏమైందే నూకాలూ?"

"నేను ముసలిదాన్ని కాదన్నారక్కా. తప్పానంట."

మంగాయమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని తీరిగ్గా నమిలింది. "దానికి ఏడుపెందుకే? చక్కగా ఇంకో పెళ్ళి చేసుకో. చారులో ఉప్పేదీ?"

ఇక్కడిలా ఉండగా అక్కడ వృద్ధుల సలహా మండలి ఏర్పడింది. ఉత్తీర్ణులైన వృద్ధులే అందులో సభ్యులు. వాళ్ళలో పెద్దాయనకి నలభై ఒకటి. కమిషనరు అధ్యక్షుడు, భానుతేజ కార్యదర్శి. మొట్టమొదటి సమావేశంలోనే ఇనప వంతెన ప్రస్తావన వచ్చింది. విషయాన్ని వృద్ధుల కళ్ళతో చూడాలని తీర్మానించి, మండలి అంతా కిట్లు బిగించుకుని, ఫొటోగ్రాఫరుని వెంటబెట్టుకుని కాలవగట్టుకి బయల్దేరింది.

నూకరత్నం కూడా పరుగున వెళ్ళింది. కమ్మీ వస్తుందంటే ఆవిడకి కాళ్ళు నేల మీద నిలవలేదు. గట్టు మీద బట్టలుతికేవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. వంతెన మీదికి ముందు భానుతేజ ఎక్కాడు. కాళ్ళకి ఇసక సంచులు, కళ్ళకి వాజలీను, చెవుల్లో దూది. "ఇటు కాదు బాబూ, ఇటు కాదు," అని నూకరత్నం అరుస్తూనే ఉంది. దూది మంచిరకం. భానుతేజ హుందాగా వంతెన మధ్యదాకా నడిచి, అక్కడినుంచి అంతే హుందాగా పక్కకి నడిచాడు.

బట్టలుతికేవాళ్ళు దూకి పైకి లాగారు. ప్రాణానికి ముప్పు లేదు గాని నడుం పట్టేసింది. ఈసారి బెల్టు అవసరం లేకుండానే.

మండలి తక్షణమే అత్యవసర సమావేశం జరిపింది. వంతెన వృద్ధులకి ప్రమాదకరమని అనుభవపూర్వకంగా రుజువైంది గనక వృద్ధులు వంతెన ఎక్కరాదని ఏకగ్రీవంగా తీర్మానించింది. మర్నాటికల్లా వంతెన మొదట్లో బోర్డు వెలిసింది: 'అరవై దాటినవారికి ప్రవేశం నిషిద్ధం. మీ భద్రతే మా ధ్యేయం.' బోర్డు పక్కన ఓ వాచ్‌మన్ వెలిశాడు. బోర్డుకీ వాచ్‌మన్‌కీ అయిన ఇనుమూ జీతమూ ఓ కమ్మీకి సరిపోయేవి కదా అని ఊళ్ళో ఒకరిద్దరికి తోచింది గాని, వాళ్ళు కూడా శిక్షణ పొందినవాళ్ళు కారు.

"ఆగు మామ్మా, వెళ్ళకూడదు. బోర్డు చూడలేదా?" అన్నాడు వాచ్‌మన్.

"నేను ముసలిదాన్ని కాదు నాయనా. పరీక్షలో తప్పాను. కావాలంటే ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కో."

వాడు ఫోన్ చేశాడు. అవతలివాళ్ళు ఏం చెప్పారో గాని, పక్కకి తప్పుకుని దారిచ్చాడు. "నిజవేనండి. మీరు ఫెయిలంట. ఎళ్ళండి."

ఆ రోజు గాలి ఉంది. నూకరత్నం వంతెన మధ్యకి వచ్చేసరికి చీరచెంగు గాలికి లేచి మొహాన పడింది. చెంగు తప్పించుకోబోయి అడుగు తడబడింది. పట్టుకోవడానికి చెయ్యి చాపితే అక్కడ ఏమీ లేదు. చతికిలబడిపోయింది. క్యారేజీ చేతిలోంచి జారి, వంతెన అంచుకి తగిలి, మూతలు ఊడి, అన్నం ఓ చోటా చారు ఓ చోటా కాలవలో పడ్డాయి.

నూకరత్నం చాలాసేపు లేవలేదు. ఇన్నేళ్ళ బతుకులో ఇంత భయం ఎరగదు. కింద నీళ్ళు కదులుతుంటే వంతెనే కదులుతున్నట్టుంది. కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారిపోయాయి. తనకేమైనా అవుతుందని కాదు. తనకేమైనా అయితే అవతల ఆ పిచ్చిది సాయంత్రం దాకా గుమ్మం వంక చూస్తూ, తిట్టడానికి మాటలు కూడబెట్టుకుంటూ కూర్చుంటుంది. అది తలుచుకుంటే దుఃఖం ఆగలేదు. చివరికి పసిపిల్లలా చేతులూ మోకాళ్ళూ ఆనించి పాక్కుంటూ అవతలి గట్టు చేరింది.

చేతులూపుకుంటూ, మోకాళ్ళ దగ్గర చీర చిరిగి వచ్చిన చెల్లెల్ని తడిమి చూసింది మంగాయమ్మ. అన్నమేదని అడగలేదు. ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. అదే నూకరత్నానికి మరీ దిగులు పుట్టించింది.

"ఆటో పిలవ్వే," అంది మంగాయమ్మ.

"ఎక్కడికక్కా? మా మేడ ఎక్కలేవుగా."

"ఎక్కడికైనా. నా ముద్ద కోసం నువ్వు కాలవలో పడక్కర్లేదు. చుట్టూ తిరిగి పెద్ద వంతెన మీంచి అటు పోదాం. గుడి అరుగు మీదైనా పడుంటాను."

ఆటో పెద్ద వంతెన దాటి, మార్కెట్ వీధిని ఆనుకుని ఉన్న మున్సిపల్ ఆఫీసు వెనకనుంచి వస్తుంటే నూకరత్నం కంటికి ఓ ఇల్లు ఆనింది. శిక్షణ మొదలైన కొత్తలో అక్కడ ఇనప గొట్టాలు దింపుతుంటే, వంతెన కోసమే కాబోలని ఆవిడ ఆ దేవుడికి ఈ దేవుడికి దణ్ణాలు పెట్టుకుంది. అది నమూనా వృద్ధ నివాసం. సిబ్బంది ఇంట్లో కూడా వృద్ధులుగా మసలుకోవడం నేర్చుకోవాలని కమిషనరు కట్టించాడు. మెట్లు లేవు, ఏటవాలు దారి. గోడల పొడవునా చెయ్యి ఆనే ఎత్తులో నున్నటి కమ్మీలు. మంచం పక్కన కమ్మీ, స్నానాల గదిలో కమ్మీ, గుమ్మానికి అటూ ఇటూ కమ్మీ. ఊళ్ళో ముసలివాళ్ళకి అనువుగా కట్టిన ఇల్లు అదొక్కటే. అందులో ముసలివాళ్ళకి ప్రవేశం లేదు, శిక్షణార్థులకే.

ఇంటి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. స్టోర్సు గుమాస్తా గవర్రాజు గుమ్మంలో తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఎల్లుండే రాష్ట్ర పరిశీలక సంఘం వస్తోంది. ఇల్లుంది గాని అందులో మసలడానికి ఒక్క వృద్ధుడూ లేడు. భానుతేజ కాలవలో పడ్డాక ఉత్తీర్ణులైన వృద్ధులంతా నడుం నొప్పని సెలవు పెట్టేశారు. అలాంటి సమయంలో ఆటోలోంచి మంగాయమ్మ దిగింది. నడుం వంగి ఉంది. కళ్ళద్దాలు సీసా అడుగంత మందం. చేతిలో కర్ర.

గవర్రాజు లేచి నిలబడ్డాడు. "ఏ సెక్షనండీ?"

"కాలవ అవతల నాయనా," అంది నూకరత్నం. "పొద్దున్నుంచి మెతుకు లేదు. కాసేపు లోపల కూర్చోనిస్తావా?"

"ఓహో, అవతలి వార్డు ఆఫీసా. రండి మేడమ్, రండి. నేనివ్వని కిట్టు ఇంకోటి ఉందన్నమాట. పట్నం నుంచి నేరుగా తెప్పించుకున్నట్టున్నారు. బెల్టు భలే కట్టారండీ, అస్సలు బయటికి కనబట్టం లేదు." అని కిట్టు ఒకటి అవతలి వార్డు మేడం పేర జారీ అయినట్టు గబగబా రాసేసుకున్నాడు.

జరుగుతున్నదేవిటో నూకరత్నానికి అప్పుడర్థమైంది. కాదు బాబూ, ఇది మా అక్క అని చెబుదామని నోరు తెరిచింది. ఈలోగా మంగాయమ్మ గోడ తడుముకుని కమ్మీ పట్టుకుంది. పట్టుకుని, ఒకడుగు వేసింది. ఇంకో అడుగు వేసింది. ఎవరి చెయ్యీ లేకుండా, ఎవర్నీ తిట్టకుండా, మంచం దాకా నడిచి వెళ్ళి కూర్చుంది. అక్క అలా తనంతట తను నడవగా చూసి ఎన్నాళ్ళైందో నూకరత్నానికి గుర్తు లేదు. తెరిచిన నోరు మూసుకుంది.

పరిశీలక సంఘం రానే వచ్చింది. దాని అధ్యక్షుడు ఎన్నో ఊళ్ళలో ఎందరో వృద్ధుల్ని పరీక్షించినవాడు, ఒక పట్టాన మెచ్చుకునే రకం కాదు. మంగాయమ్మ కమ్మీ పట్టుకుని స్నానాల గదికి వెళ్ళిరావడం చూసి ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"అమోఘం," అన్నాడు కమిషనరుతో. "పాదం ఈడ్చడం గమనించారా? ఇంతటి సహజత్వం రాష్ట్రంలో ఎక్కడా మా దృష్టికి రాలేదు." తర్వాత మంగాయమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, ఈ పాత్రలో ఎన్నాళ్ళ నుంచి ఉన్నారు?"

"పుట్టినకాడ్నించీ దీనికోసమే తంటాలు పడుతున్నాను బాబూ."

సంఘం సభ్యులు మొహమొహాలు చూసుకుని తలలూపారు. "ఈ ముడతలు ఎలా సాధించారు?"

"తిండి లేక కొన్ని. మొగుడి మూలాన కొన్ని. మిగతావి ఈ చెల్లెలి వంట తిని."

"చివరిగా, ఒక వృద్ధురాలిగా ఈ పట్టణానికి మీరిచ్చే సందేశం?"

"సందేశం ఏం చేసుకుంటారు? ఆ కాలవ వంతెనకి కమ్మీ వెయ్యండి. పిల్లది పడి చస్తుంది."

డెబ్భై మూడేళ్ళ పిల్ల తలుపు చాటున నిలబడి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఇన్నాళ్ళకి చెప్పవలసిన మాట చెప్పవలసినవాళ్ళ చెవిన పడింది, ఇక కమ్మీ వచ్చినట్టే అనుకుంది. అధ్యక్షుడి కళ్ళు కూడా చెమర్చాయి. "చూశారా," అన్నాడు గద్గదంగా, "ఆఖరి క్షణం వరకూ పాత్రలోంచి బయటికి రాలేదు." అందరూ చప్పట్లు కొట్టారు.

కొండేపూడికి వయోమిత్ర పట్టణ పురస్కారం వచ్చింది. మంగాయమ్మకి ఓ శాలువా కప్పి, వృద్ధాప్యంలో ప్రథమ శ్రేణి అని చెక్కిన ఇత్తడి పతకం మెళ్ళో వేశారు. ఆవిడ దాన్ని కొరికి చూసి పక్కన పెట్టింది.

పరిశీలక సంఘం కార్లు వీధి మలుపు తిరిగాయో లేదో గవర్రాజు గోనెసంచి పట్టుకుని వచ్చాడు. వెనకే కమిషనరు.

"మేడమ్, కార్యక్రమం దిగ్విజయంగా ముగిసింది," అన్నాడు గవర్రాజు. "ఇక కిట్టు విప్పి ఇచ్చేస్తే జమ చేసుకుంటాను. ముందు కళ్ళద్దాలు, తర్వాత నడుం."

మంగాయమ్మకి వినబడలేదు. నూకరత్నం ముందుకొచ్చింది. "అది కిట్టు కాదు నాయనా. ఇది మా అక్క మంగాయమ్మ. అసలుదే."

కమిషనరు మంచం దగ్గరకి వంగి, ఆవిడ మొహంలోకి చూశాడు. వాజలీను అద్దాలు లేకుండా ఆయన ఓ ముసలి మనిషిని అంత దగ్గరగా చూడటం అదే మొదలు. "మీరు ఉత్తీర్ణులేనా?" అన్నాడు సన్నగా.

"ఇదెక్కడి ఉపద్రవమండీ," అన్నాడు గవర్రాజు. "నకిలీ కాదని తేలితే పురస్కారం వెనక్కి లాక్కుంటారు సార్."

"ఈవిణ్ణి వెంటనే ఖాళీ చేయించండి."

"వీల్లేదు సార్. కిట్టు జమ కానిదే శిక్షణ ముగిసినట్టు కాదు. శిక్షణ ముగియకుండా శిక్షణార్థిని బయటికి పంపితే ఆడిట్‌వాళ్ళు నన్ను నిలువునా తోమేస్తారు. మీరు సంతకం పెట్టిన ఉత్తర్వే సార్ అది."

కమిషనరు లెక్క వేసుకున్నాడు. ఇంట్లో ఉంచితే నియమ భంగం, పంపితే ఉత్తర్వు భంగం, నిజం చెబితే పరువు భంగం. చివరికి మంగాయమ్మ శిక్షణ గడువు పొడిగిస్తున్నట్టు ప్రకటించాడు. నూకరత్నానికి గుండెల మీద బరువు దిగిపోయింది. ఇంటినుంచి నాలుగడుగుల్లో అక్క. కాలవ దాటక్కర్లేదు, గాలిని పట్టుకోనక్కర్లేదు. అయినా ఉండబట్టక అడిగింది.

"కాలవ అవతల ఇంకా బోలెడుమంది ముసలివాళ్ళున్నారు బాబూ. వంతెన సంగతి?"

"వారు శిక్షణకు నమోదు చేసుకున్నారా?"

కమిషనరు మంచం మీదికి వంగి, దూది ఉన్నవాళ్ళతో మాట్లాడినట్టు గట్టిగా అడిగాడు. "పొడిగింపుకి ఒక తేదీ వెయ్యాలమ్మా. ఈ కిట్టు ఎప్పటికి విప్పి ఇవ్వగలరు?"

ఈసారి మంగాయమ్మకి వినబడింది. గోడ కమ్మీని చేత్తో ఓసారి నిమిరి, ఆయన గొంతు వచ్చిన వైపు మొహం తిప్పింది.

"నాకై నేను విప్పలేను నాయనా. నలుగురు వచ్చి మొయ్యాలి. ఎంతో కాలం పట్టదులే. శ్మశానం అవతలి గట్టున ఉంది, ఆ వంతెన మీంచే తీసుకుపోవాలి. ఈలోగా దానికో కమ్మీ వేయించు. నా సంగతి సరే, మోసేవాళ్ళు పడిపోతారు."